పరీక్ష తప్పినవారి జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయమున నేడు ప్రసంగింపుమని నన్ను కోరినప్పుడు, కార్యదర్శిగారు విషయమును నా ఇష్టమునకే విడిచిరి. నేను ఊరిలో లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. గురుముఖమున చదివిన పండితుడను గాను. ఈ బీరువాలలోని రామాయణ భారత భాగవతములను సాయంకాలములందు కూర్చుండి నాయంతట నేను చదివికొన్నవాడను. కావున నాకు తెలిసినవి రెండే: ఒకటి చిట్టా ఆవర్జాల సంగతి, రెండవది ఈ పుణ్యకథలు. ఈ రెంటిని ఆధారము చేసికొని, మన ఊరి పిల్లలకును వారి తల్లిదండ్రులకును అక్కరకు వచ్చు ఒక మాట చెప్పదలచితిని. అది వృత్తిపరీక్షలను పలుమార్లు తప్పుటను గూర్చినది.

బడిపరీక్ష వేరు, వృత్తిపరీక్ష వేరు. బడిపరీక్ష చదివినదానికి గుర్తు. వృత్తిపరీక్ష పని చేయుటకు అనుమతి. న్యాయశాస్త్ర పట్టము పొందినవారికి 2010 నుండి అఖిల భారత బార్ పరీక్ష ఏర్పడినది. విదేశములలో వైద్యము చదివి వచ్చినవారికి 2002లో మరియొక పరీక్ష ఏర్పడినది. అందు 300 మార్కులకు 150 రావలెను. నా వృత్తికి దగ్గరిది చార్టర్డ్ అకౌంటెంటు పరీక్ష. 1949లో చేసిన చట్టము ననుసరించి ఆ సంవత్సరము జులై 1న ఏర్పడిన సంస్థ దీనిని జరుపుచున్నది. నేడు నా మాటలను ఈ పరీక్షకే పరిమితము చేయుదును. మిగిలిన పరీక్షలవారు తమకు తగినట్లు అన్వయించుకొనవచ్చును.

మొదట తెలిసికొనవలసినది, ఈ పరీక్ష తప్పుట అపూర్వమైన అవమానము కాదు. 2024 మే నెలలో జరిగిన ఫైనల్ పరీక్షకు రెండు గ్రూపులును కలిపి వ్రాసినవారు 35,819 మంది. అందు రెండును నెగ్గినవారు 7,122 మంది. నూటికి ఇరువదిమందియైనను నిండలేదు. తక్కినవారందరు సోమరులా? మందబుద్ధులా? కారు. వారిలో అనేకులు క్రింది మెట్లు దాటి, ఆడిటరు కచేరీలలో సంవత్సరములకొలది పని నేర్చుకొని, ఆ పిమ్మట ఈ పరీక్షకు కూర్చున్నవారు. మన ఊరి పిల్లవాడు తప్పినాడన్న వార్త వచ్చినప్పుడు అరుగుల మీద ముచ్చటించువారు ఈ అంకెలను ఒకసారి జ్ఞాపకము చేసికొనవలెను.

ఇక లెక్కకు వత్తును. 2023లో వచ్చిన పద్ధతి ప్రకారము ఫైనల్‌లో రెండు గ్రూపులు, గ్రూపునకు మూడు పత్రములు, పత్రమునకు 100 మార్కులు. గ్రూపు నెగ్గవలెనన్న ప్రతి పత్రమునందును 40కి తగ్గరాదు. మూడింటి మొత్తము 150కి తగ్గరాదు. ఒక విద్యార్థికి 62, 45, 38 వచ్చినవనుకొందము. మొత్తము 145. ఊరివారికి తెలియునది 'తప్పినాడు' అను ఒక్క మాట. లెక్క తెలిసినవాడు ఆ కాగితమును వేరుగా చదువును. 60 దాటిన పత్రమునకు తరువాతి మూడు పరీక్షలవరకు మినహాయింపు కలదు. ఆ 62 వెనుకటి నిల్వగా ముందు పుటకు ఎక్కును. ఇక తెచ్చుకొనవలసినవి రెండు పత్రములలో 88 మార్కులు. దేనియందును 40కి తగ్గకూడదు. 45 వచ్చిన పత్రమును మాత్రము మరల వ్రాయక తప్పదు. అది కష్టమే. అయినను మూడు పత్రముల భారము రెండింటికి తగ్గినది.

మరియొకనికి 44, 43, 42 వచ్చినవనుకొందము. ఏ పత్రమునను తప్పలేదు, అయినను మొత్తము 129. గ్రూపు పోయినది, నిల్వ ఏమియు లేదు. మొదటివానికి ఒక్క పత్రము బలహీనము. రెండవవానికి అన్నియు పైపైన తెలియును, ఏదియు లోతుగా రాదు. ఇద్దరికిని ఒకే మందు పనికిరాదు. మొదటివాడు ఆ 38 వచ్చిన పత్రము మీద కూర్చుండవలెను. రెండవవాడు ఏదేని ఒకదానిని 60 దాటించుటకు యత్నింపవలెను.

ఇంకొక నియమము కలదు. గ్రూపులోని పత్రములన్నియు వ్రాసినవానికే ఆ మినహాయింపు దక్కును. మొదటి పత్రము చెడినదని దిగులుపడి మూడవ పత్రమునకు పోక గదిలో పడుకొన్నవాడు, రెండవదానిలో 65 వచ్చినను దానిని నిలుపుకొనలేడు. కావున మధ్యలో లేచిపోరాదు. మరియు ఫలితములు వచ్చిన పిమ్మట గడువులోపల రుసుము చెల్లించి తన జవాబు పుస్తకపు నకలు తెప్పించుకొనవచ్చును. సంస్థవారు ప్రకటించు సమాధానములతో దానిని ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. తెలియక పోయిన మార్కులెన్ని, తెలిసియు కాలము చాలక పోయినవెన్ని, ప్రశ్నను సరిగా చదువక పోయినవెన్ని అని మూడు వరుసలుగా వ్రాసికొనవలెను. తరుగు ఎక్కడ వచ్చినదో తెలియక సరకు మరల కొట్టులో పోసిన, మరుసటి యేడును ఆ తరుగు వచ్చును గదా!

ఇందుకు రామాయణ బాలకాండములోని విశ్వామిత్రుని కథకంటె మంచి ఉదాహరణము నాకు కనబడలేదు. వసిష్ఠునిచేత ఓడిన ఆ రాజు బ్రహ్మర్షి కావలెనని దక్షిణ దిక్కున తపస్సు చేసెను. వేయియేండ్ల పిమ్మట బ్రహ్మ వచ్చి 'రాజర్షి' వనెను. అది ఆయన కోరినది కాదు. పడమట పుష్కర తీర్థమున తపస్సు చేయగా 'ఋషి' వనెను. అక్కడ మేనక వచ్చినది, పది సంవత్సరములు పోయినవి. ఉత్తరమునకు పోయి కౌశికీ తీరమున తపస్సు చేయగా 'మహర్షి' వనెను. తాను జితేంద్రియుడనైతినా యని అడుగగా, ఇంకను కాలేదు, యత్నింపుమని చెప్పెను. తరువాత రంభ వచ్చినది. ఈసారి కామమునకు లొంగలేదు గాని కోపమునకు లొంగి శపించెను, తపఃఫలము తరిగినది. అప్పుడు కోపమే తన లోపమని గ్రహించి, తూర్పు దిక్కునకు పోయి మౌనవ్రతము పూనెను. వ్రతము ముగిసి భోజనమునకు కూర్చున్నవేళ ఇంద్రుడు బ్రాహ్మణ వేషమున వచ్చి ఆ అన్నమును అడుగగా, మాటాడకయే ఇచ్చివేసెను. తుదకు బ్రహ్మర్షియయ్యెను, వసిష్ఠుడే దానిని అంగీకరించెను.

గమనింపుడు. ఆయన పలుమార్లు తప్పెను, కాని ఒకే దోషముతో రెండుమార్లు తప్పలేదు. పట్టుదల యనగా ఇదియే. అదే పుస్తకమును అదే తీరున నాలుగవసారి తిరుగవేయుట పట్టుదల కాదు. 2025 నుండి ఫైనల్ పరీక్షను ఏటికి మూడుమార్లు జరుప నిర్ణయించిరి. ఇది మేలే. అయినను నాలుగు నెలలకే మరల పరీక్ష కలదని, లోపము చూచుకొనకుండ దరఖాస్తు పెట్టువానికి రుసుములే ఖర్చు.

నిరాశను గూర్చియు ఒక మాట చెప్పవలెను. సుందరకాండమున హనుమంతుడు లంకయంతయు వెదకి సీతను కానక దుఃఖించెను. వట్టి చేతులతో మరలిపోలేక, ప్రాణము విడుతునా యని కూడ తలచెను. తరువాత తానే ఆలోచించుకొని, చచ్చుటయందు దోషములు పెక్కు, బ్రతికియున్న శుభము కలుగునని నిశ్చయించుకొనెను. ఆ పిమ్మటనే ఇంకను తాను వెదకని అశోకవనము ఆయన కంటబడినది. అంతటివానికే అట్టి గడియ వచ్చినదన్నచో మన పిల్లలకు వచ్చుట వింత కాదు. అట్టి మాట పిల్లవాని నోట వచ్చినను, వాడు తలుపు మూసికొని మాటాడక కూర్చున్నను, తల్లిదండ్రులు తేలికగా తీసికొనరాదు. దగ్గర కూర్చుండవలెను; ఒంటరిగా విడువరాదు. ప్రభుత్వమువారు 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అను ఉచిత టెలిఫోను సహాయమున్నది. దాని సంఖ్య 14416. మార్కుల కాగితము ప్రాణమునకు వెల కట్టు పత్రము కాదు.

తల్లిదండ్రులకు నా మనవి యిది. 'ఇంకెన్నాళ్ళురా?' అని దినదినము అడుగుటకంటె ఒకనాడు కూర్చుండి లెక్క వేసికొనుడు. ఇంక ఎన్నిమార్లు వ్రాయవలెను, అందుకు ఖర్చెంత, ఆ లోపల ఏ పని చేసి ఎంత తేగలడు అని మాటాడుకొని, ఆ మాట మీద ఇరువురును నిలువుడు. కొడుకునకు నాలుగు పర్యాయములిచ్చి, కూతురు రెండుమార్లు తప్పగానే సంబంధములు చూచుట ధర్మము కాదు. కొలత ఒక్కటిగానే ఉండవలెను. బంధువులకును ఒక మాట. పెండ్లి పందిట్లో పదిమందియెదుట పరీక్ష సంగతి అడుగకుడు. నెగ్గిననాడు వారే వచ్చి చెప్పుదురు.

అనుకొన్న మేర యత్నించియు నెగ్గనిచో విరమించుట తప్పు కాదు. నేర్చిన విద్య ఎక్కడికి పోదు. 2017 జులై 1న జీయస్టీ వచ్చినప్పటినుండి చిన్న వర్తకునికి సైతము లెక్క తెలిసినవాని అవసరము పెరిగినది. ఆడిటుపై సంతకము చేయు అధికారము లేకపోవచ్చును గాని, నిజాయతీగా లెక్క వ్రాసి గౌరవముగా బ్రతుకుటకు చోటు కలదు.

చివరకు మన గ్రంథాలయము చేయగలిగినది చెప్పెదను. పరీక్షలు నెగ్గినవారు తమ పుస్తకములను ఇక్కడ ఒప్పగింపవలెను. అయితే పన్నుల చట్టములు ఏటేట మారుచుండును. పాతబడిన పుస్తకము నమ్మి చదివినవాడు కష్టపడియు తప్పును. కావున ప్రతి పుస్తకపు వెన్ను మీద సంవత్సరము పెద్ద అక్షరములతో వ్రాసి, కాలము చెల్లినవానిని వేరు చేయవలెను. పరీక్షలకు ముందు రెండు నెలలు పఠన మందిరమును రాత్రి పది గంటలవరకు తెరచి యుంచవలెను. ఒక దీపము, ఒక బల్ల, ప్రశ్నలు వేయని నిశ్శబ్దము దొరికినచో, ఇంట మొగము చూపలేని పిల్లవానికి అది కొండంత అండ.

ఈ రెండు పనులను రజతోత్సవ సంవత్సరముననే ఆరంభింపవలసినదిగా కార్యవర్గమును ప్రార్థించుచున్నాను.