మక్తా బాకీ: లెక్కకు రెండు పక్కలుంటాయి

(కౌలుదార్లు, వ్యవసాయ కూలీల సమావేశంలో మా కార్యకర్తల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

భూమి ఎవరిది అనే పెద్ద ప్రశ్న మనం వదిలేది కాదు. కానీ ఈ పూట దాని పక్కనే ఉన్న ఇంకో సంగతి మాట్లాడుకుందాం. ఆసామి పొలం కౌలుకు చేశాం. కలిసిరాక వదిలేశాం. చేను ఆయన చేతికిచ్చి మన దోవన మనం కూలికి పోతున్నాం. అయినా ఆసామి మనల్ని వదలడు. ఆర్నెల్లకో ఏడాదికో కబురొస్తుంది. "ఏరా, మక్తా బాకీ సంగతేంటి?"

అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తున్నారు? కొందరు రాత్రికి రాత్రి సామాను కట్టుకుని బెజవాడకో హైదరాబాదుకో తాపీ పనికి పోతున్నారు. కొందరు తెల్లవారకముందే ఆసామి అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. కుర్రాళ్ళయితే "ఇవ్వం, ఏం చేసుకుంటావో చేసుకో" అని వస్తున్నారు. పారిపోతే బాకీ ఒప్పుకున్నట్టు ఊరంతా చెప్పుకుంటుంది. చేతులు కట్టుకుంటే ఆయన చెప్పిందే లెక్క అవుతుంది. ఉత్త కోపం చూపిస్తే డబ్బు తగాదా కాస్తా కొట్లాట కేసవుతుంది. మూడు దార్లలోనూ అసలు అడగాల్సిన మాట ఎవరూ అడగటం లేదు. లెక్కేది?

బాపట్ల వైపు ఒక మాదిగ కుటుంబం సంగతి చెబుతాం. పేర్లు అక్కర్లేదు. రెండెకరాలు, ఎకరాకు 20 బస్తాల మక్తా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. ఆ కుటుంబం మిగిలిన ధాన్యంలో 22 బస్తాలు ఆసామికి కొలిచి, 2024 వేసవిలో పొలం వదిలేసింది. 2025 మే నెలలో కబురొచ్చింది. లక్షా పన్నెండు వందల పదహారు రూపాయలు కట్టాలంట!

ఆ ఇంటి అక్క ఏడవలేదు. "అయ్యా, అంకె కాదు, పద్దులు చెప్పండి, రాసుకుంటాం" అంది. రాసుకుంటే ఇట్లా తేలింది. తగ్గిన మక్తా 18 బస్తాలు, బస్తా 1,600 చొప్పున 28,800. దానిమీద నూటికి రెండు రూపాయల వడ్డీ, 16 నెలలకు 9,216. 2016 మే నాటి ప్రోనోటు అసలు 20,000. దానికి అదే వడ్డీ, తొమ్మిదేళ్ళకు 43,200.

చూశారా? మొత్తం అంకె కొండలాగుంది. నాలుగు ముక్కలు చేస్తే మక్తా 28,800 మాత్రమే. మిగతాదంతా వడ్డీ, పాత నోటు. మక్తా మీద వడ్డీ అని పొలం ఇచ్చేటప్పుడు ఎవరన్నా అనుకున్నారా? లేదు. అనుకోని వడ్డీ ఎవరు వేశారు? పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు వేశారు.

ఇక రెండో పక్క. ఆసామి పుస్తకంలో మనం తీసుకున్నవే ఉంటాయి. మనం చేసినవి ఉండవు. ఆ అక్క రెండేళ్ళు ఆసామి గొడ్ల చావిట్లో పేడ తీసింది. నెలకు 1,500 ఇస్తామన్నారు. ఒక్క నెలా ఇవ్వలేదు. 24 నెలలకు 36,000. అది ఏ పుస్తకంలో ఉంది? ఆమె మనసులో ఉంది. తుపాను నష్టానికి వచ్చిన డబ్బు పట్టాదారు కాబట్టి ఆసామి ఖాతాలో పడింది. పంట పోయింది మనది, పరిహారం ఆయనది, మక్తా మళ్ళీ మనమే కట్టాలి! తెలంగాణలోనూ 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారుకే పోయింది, కౌలు చేసినవాడికి రాలేదు. ఆంధ్రలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి పదకొండు నెలల పత్రం ఇస్తామన్నారు. ఆ పత్రానికి యజమాని సంతకం కావాలన్నారు. ఏ ఆసామి సంతకం పెడతాడు?

అందుకని మేం చెప్పే మొదటి మాట ఇది. బాకీ ఉందా లేదా అని వాదించకండి. లెక్క రాయించండి. ఏ ఏడు, ఎన్ని ఎకరాలు, ఎన్ని బస్తాలు, ఏ ధర, ఎంత ముట్టింది. తర్వాత మన పక్క కూడా రాయండి. చేసిన చాకిరీ, తోలిన ఎరువు, ఆయన కాలవకు మనం తీసిన పూడిక. ఈ లెక్కలో ఆడవాళ్ళు కూర్చోవాలి. కళ్ళంలో ఎన్ని బస్తాలు బండికెత్తారో మగాళ్ళు మరిచిపోతారు. సంచులు కుట్టిన మనిషి మరిచిపోదు.

రెండో మాట కాగితం. ఆసామి "ఊరికే, లెక్క కోసమే" అని నోటు ముందు పెడతాడు. ఖాళీ నోటు మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేశామంటే, నింపుకోమని మనమే అధికారం ఇచ్చినట్టు చట్టం చూస్తుంది. ఖాళీ చెక్కు అయితే ఇంకా ప్రమాదం. అది బ్యాంకులో తిరిగొస్తే క్రిమినల్ కేసు. నోటీసు అందినాక డబ్బు కట్టడానికి 15 రోజులే గడువు. ఇచ్చిన ప్రతి బస్తాకూ రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే ఇద్దరు మనుషుల ఎదుట కొలవండి, ఆ రోజే తేదీ వేసి రాసిపెట్టండి.

మూడో మాట గడువు. మక్తా బాకీకి అది కట్టాల్సిన రోజు నుంచి మూడేళ్ళు. అడిగినప్పుడు కట్టే ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళు. 1963 కాలపరిమితి చట్టం అట్లా చెబుతుంది. ఆ లోపల దావా వేయకపోతే కోర్టు డిక్రీ ఇవ్వదు. ఆసామికి ఇది బాగా తెలుసు. అందుకే మూడేళ్ళు నిండబోతుంటే "ఓ వంద రూపాయలు చెల్లు వెయ్యరా", "నోటు తిరగరాయరా" అని తియ్యగా పిలుస్తాడు. గడువులోపల నోటు వెనకాల చెల్లు రాసి సంతకం పెడితే మూడేళ్ళు మళ్ళీ మొదలు. గడువు దాటిన తర్వాత కూడా "కడతాను" అని కొత్తగా రాసి సంతకం పెడితే అది కొత్త బాకీ కింద లెక్క. కరోనా కాలంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న రోజుల్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. కాబట్టి ఆ నడుమ పడే నోట్ల గడువు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవద్దు, వకీలు చేత చూపించుకోండి. ఆ కుటుంబం 2016లో రాసిన నోటుకు 2019లోనే కాలం తీరింది. మధ్యలో ఒక్క చెల్లూ లేదు.

వకీలుకు డబ్బెక్కడిది అంటారు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాల మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ ఉంటుంది. కుల ధృవీకరణ పత్రం, ఉన్న కాగితాలు పట్టుకుపోండి. పోస్టులో నోటీసు వస్తే వద్దని తిప్పి పంపకండి, పంపినా అందినట్టే రాస్తారు. సమన్లు వస్తే 30 రోజుల్లో జవాబు వేయాలి. పోకపోతే ఆయన చెప్పిందే నిజమని ఏకపక్ష డిక్రీ అవుతుంది.

నాలుగోది బెదిరింపులు. "ఎద్దుల్ని తోలుకుపోతా, ఇంటికి తాళం వేస్తా" అంటాడు. ఎవరిచ్చారు ఆ హక్కు? డిక్రీ వచ్చినా సరే, సేద్యానికి కావాల్సిన ఎడ్లు, పనిముట్లు, విత్తనాలు, కూలివాడు కాపురముండే ఇల్లు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్లో ఉంది. ఆ ఇంటి అద్దె బాకీ అయితే వేరు మాట. కోర్టుకే లేని అధికారం ఆసామికి ఎక్కడిది? "మీ పిల్లాణ్ణి రొయ్యల చెరువు మీద కాపలా పెట్టండి, బాకీ తీరేదాకా" అంటే అది వెట్టి. 1976 చట్టం వెట్టిని రద్దు చేసింది, ఆ బాకీని కూడా రద్దు చేసింది. కలెక్టరుకు, తహసీల్దారుకు అర్జీ పెట్టండి. మక్తా వసూలు చేసిపెట్టడం పోలీసు స్టేషన్ పని కాదు. పిలిస్తే ఒంటరిగా పోకండి. ఏ కేసు మీద పిలిచారో కాగితం అడగండి.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నాం. లెక్క అడిగిన పాపానికి ఆసామి ఆ అక్కను పదిమందిలో కులం పేరు పెట్టి తిట్టాడు. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. అప్పుడు పెద్దమనుషులు వచ్చారు. "ఆయన మక్తా వదిలేస్తాడు, మీరు కేసు వదిలేయండి. చెల్లుకు చెల్లు."

అన్నలారా, ఇక్కడ నిలబడాలి. బస్తాల బాకీకి బస్తాలు చెల్లు. డబ్బుకు డబ్బు చెల్లు. మన పుట్టుకను తిట్టిన తిట్టుకు ఏ కాటాలో తూకం వేస్తారు? ఈ బేరం ఒప్పుకుంటే తిట్టుకు ఒక రేటు కట్టినట్టే. రేపు ఆ రేటుకే ఇంకొకర్ని తిడతారు. అట్లాగని మక్తా ఎగ్గొట్టడానికి లేని కేసు పెట్టమని మేం ఎన్నడూ చెప్పం. ఒక్క అబద్ధపు కేసు వంద నిజం కేసుల గొంతు నొక్కుతుంది. రెండూ వేర్వేరు. బాకీని బాకీగా తేల్చాలి, కేసును కేసుగా నడపాలి.

ఆ కుటుంబం అదే చేసింది. మక్తా 28,800 ఒక పక్క, చావిడి పని జీతం 36,000 ఇంకో పక్క. పైన వచ్చే 7,200 అడగనని అక్క తానే చెప్పింది. ఇంక ఒకరికొకరు బాకీ లేరని రెండు ప్రతులు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, పాత నోటు వెనక్కి తీసుకున్నారు. కేసు మాత్రం నడుస్తోంది.

ఊరంతా ఏకమై పనికి పిలవకపోతే, కొట్లో సరుకివ్వకపోతే అది ఇక మక్తా తగాదా కాదు, సాంఘిక బహిష్కారం. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను నరికి చంపడానికి ముందు నడిచింది ఆ బహిష్కారమే. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణ బహిష్కారాన్ని స్పష్టంగా నేరమని రాసింది. మొదటి రోజే అర్జీ పెట్టాలి, పదో రోజు దాకా ఆగకూడదు.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాడు. కొంకణంలో ఖోతులు అనేవాళ్ళు సర్కారు శిస్తు వసూలు చేసే పేరుతో రైతుల నెత్తిన కూర్చున్నారు. ఆ ఖోతీ పద్ధతి రద్దు కావాలని అంబేద్కర్ 1937లో బొంబాయి శాసనసభలో బిల్లు పెట్టాడు. 1938లో వేలమంది రైతులను బొంబాయి వీధుల్లో నడిపించాడు. ఆ బిల్లు అప్పుడు గట్టెక్కలేదు. 1949లో ఖోతీ రద్దు చట్టం వచ్చింది. శిస్తు పుస్తకంలో కూడా కులం పెత్తనం చేస్తుందని ఆయన చూశాడు. మనం కూడా చూడాలి.

కాబట్టి ఊళ్ళకు పోయాక చేయాల్సింది ఇది. ప్రతి పల్లెలో చదువుకున్న ఒక అమ్మాయిని, ఒక అబ్బాయిని లెక్కలకు పెట్టండి. కౌలు చేసే ప్రతి ఇంటికీ ఒక నోటు పుస్తకం. ఎడమ పేజీ తీసుకున్నది, కుడి పేజీ ఇచ్చింది, చేసింది. బాకీ కబురొస్తే ఒక్కరు పోకండి, పుస్తకంతో నలుగురు పోండి. గొంతు పెంచొద్దు, తల దించొద్దు. నిజంగా ఉన్న బాకీ కడదాం, రసీదు తీసుకుందాం. లేని బాకీకి ఒక్క వేలిముద్ర కూడా వేయం.

ఇన్నేళ్ళూ పుస్తకం వాళ్ళ చేతిలోనే ఉంది. ఇక మన పుస్తకం మనం రాద్దాం.

జై భీమ్!