ఫొటోలతో సరదా, చదువు
(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ సెల్‌ఫోను చేతిలోకి తీసుకోని వాళ్ళు ఈ రోజుల్లో అరుదు. పొద్దున వేసిన ముగ్గు, జాకెట్టు చేతిమీద కుట్టిన అద్దాల పని, కుండీలో పూసిన మందారం, ఏదో ఒకటి ఫొటో తీస్తాం, పదిమందికీ పంపుతాం. వాళ్ళు “బాగుంది” అంటారు. మర్నాటికి ఆ ఫొటో వందల ఫొటోల కింద పడిపోతుంది. ఈ అలవాటునే మన సరదాకూ, పిల్లల చదువుకూ పనికివచ్చేలా ఎందుకు మలచుకోకూడదు? మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను, వినండి.

మా పుట్టిల్లు నెల్లూరు జిల్లా పడమటి కొసన, వెలిగొండల పక్కనున్న సీతారామపురం. కిందటి వేసవిలో మా చెల్లెలి కూతురు అవ్వగారింటికి వెళ్ళింది. పది చెట్ల ఫొటోలు తీసి, పేర్లు రాసి, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టమని బళ్ళో చెప్పారట. పిల్ల ఒక ముళ్ళపొద ఆకును ఫొటో తీసి పెట్టింది. ఫోను ఒక పేరు చెప్పింది, తోటిపిల్ల ఇంకో పేరు చెప్పింది. “పెద్దమ్మా, ఇదేం చెట్టు?” అని నాకూ పంపింది. నాకూ తెలియలేదు.

చివరికి మా అమ్మకు చూపించింది. అమ్మ ఫోను దూరంగా పట్టుకుని చూసి, “ఏందే ఇది, ఉత్త ఆకు చూపిస్తే ఎట్టా చెప్పేది? ముల్లేదీ? పువ్వేదీ? కాయేదీ? తుంచితే పాలు వచ్చాయా?” అని ఎదురు ప్రశ్నలు వేసింది. పిల్ల మళ్ళీ పొద దగ్గరికి పరుగెత్తింది. ఎదురెదురుగా ఉన్న ఆకులు, ముళ్ళు, తెల్లని పూలు, నల్లబడుతున్న కాయలు, కారే పాలు అన్నీ విడివిడిగా తీసుకొచ్చింది. “కలివి గదంటే!” అంది అమ్మ. ఆ కాయలు చిన్నప్పుడు దోసిళ్ళకొద్దీ తిన్నదాన్ని, పట్నం వచ్చి పొదనే మరచిపోయాను. నిజంగా సిగ్గేసింది.

ఆ పేరు తెలిశాక పాఠం ఎంత దూరం పోయిందో చూడండి. ఉదయగిరి కొయ్య చెంచాలు, గరిటెలు మీరు వాడే ఉంటారు. ఆ కొండల్లో దొరికే నర్ది, కలివి వంటి కర్రతోనే వాటిని చెక్కుతారు. కొండల అవతల కడప జిల్లా ముళ్ళపొదల అడవిలో కలివికోడి అనే పిట్ట ఉంది. అది అంతరించిందనే అనుకున్నారు. పక్షి శాస్త్రజ్ఞులు ఊళ్ళలో దాని బొమ్మలు చూపించి వాకబు చేయగా చేయగా 1986లో మళ్ళీ కనబడింది. అంటే బొమ్మ చూపించి, తెలిసినవాళ్ళను అడగడం ఇంటర్నెట్‌తో పుట్టిన విద్య కాదన్నమాట.

ఇదే పనిని ఇంటర్నెట్‌లో చేసిపెట్టేది ఐనాచురలిస్ట్. 2008లో అమెరికాలో బర్కిలీ విద్యార్థులు చదువులో భాగంగా మొదలుపెట్టారు. మీ పెరట్లోని మొక్క, పురుగు, పిట్ట ఫొటోను తేదీ, చోటుతో సహా పెడితే తెలిసినవాళ్ళు పేరు చెబుతారు. చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఒకే మాట మీద ఉంటేనే ఆ పేరు స్థిరపడుతుంది. పదమూడేళ్ళలోపు పిల్లలు ఇందులో తమంతట తాముగా ఖాతా తెరవకూడదు. వాళ్ళకు ఖాతా అక్కర్లేని “సీక్” అనే ఆప్ వేరే ఉంది.

ఇక 2004లో మొదలైన వికీమీడియా కామన్స్ ఉంది. ఉదయగిరి కోట బురుజో, మీ ఊరి గుడి గోపురమో, మీ చేతి ముగ్గో అందులో పెడితే తెలుగు వికీపీడియా వ్యాసాలకూ, బడిపిల్లలకూ అక్కరకు వస్తుంది. అయితే ఒక్క మాట. అక్కడ పెట్టిన ఫొటోను మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోలేం. కనుక ఇంటి ఫొటోలు అక్కడ వద్దు.

మరి కొన్ని జాగ్రత్తలు. ఆడపిల్లల ముఖాలు, బడి పేరున్న యూనిఫారం బయటి గ్రూపుల్లో పెట్టకండి. ఫోను తీసిన ఫొటోలో ఆ చోటు వివరం కూడా దాగి ఉండవచ్చు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేస్తే సరి. ఐనాచురలిస్ట్‌లో చోటు రాసినా దాన్ని దాచే వీలుంది. చెంచాలు చెక్కే అమ్మనైనా, ముగ్గేసే ఇల్లాలినైనా ముందు అడిగి, ఆపైన ఫొటో తీయండి. అన్నిటికంటే ముఖ్యంగా ప్రతి ఫొటో కింద రెండు వాక్యాలు రాయండి. ఇది ఏమిటి, ఎక్కడిది, ఎప్పటిది, పేరు ఎవరు చెప్పారు. ఆ రెండు వాక్యాలు లేకపోతే పదేళ్ళ తరువాత దాన్ని ఎవరూ పోల్చుకోలేరు.

మా అమ్మకు ఎనభై దాటాయి. ఆమెకు తెలిసిన చెట్ల పేర్లు ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. ఇప్పుడు మనవరాలు రోజుకొక ఆకు, పువ్వు, కాయ చూపించి అడుగుతోంది. అవ్వ చెప్పింది చెప్పినట్టు ఫొటో కింద రాస్తోంది. ఇప్పటికి నలభై మూడు అయ్యాయి. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవారు ఉంటే ఈ సాయంత్రమే పిల్లల్ని వారి పక్కన కూర్చోబెట్టండి. ఫోను మన చేతిలోనే ఉంది. పేర్లు మాత్రం వాళ్ళ దగ్గరే ఉన్నాయి.