సీటు ఎవరి కోసం?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన మెస్సు సాంబారు గురించి, తెల్లవారుజాము పీటీ గురించి ముందు మాట్లాడినవాళ్లు చాలా చెప్పారు. నేను ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి, ఒక లెక్క మీ ముందు పెడతాను. మన బడిలో సీటు ఎవరికి అందుతోంది?

1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది కొడిగెనహళ్లి, తాడికొండ వచ్చాయి. చదువు మీద ఆశ ఉండీ, ఊళ్లో మంచి బడి లేని పిల్లల కోసమే ఈ ఏర్పాటు. తర్వాత ఆయన కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్న కాలంలోనే నవోదయ విద్యాలయాలూ వచ్చాయి. మన బడీ ఆ కుదురులోదే.

మా నాన్న రైస్ మిల్లులో హమాలీ. మా పంతులుగారే దరఖాస్తు నింపి, బస్సు చార్జీ పెట్టుకుని పరీక్షకు తీసుకెళ్లారు. అప్పుడు ఆ పరీక్షకు కోచింగ్ అనే మాట మా వైపు ఎవరూ వినలేదు. అందరం ఇంచుమించు ఒకే గీత మీద నిలబడి పరుగెత్తాం.

ఇవాళ ఆ గీత ఒకటి కాదు. నవోదయ ఆరో తరగతి పరీక్షే చూడండి. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం, అంటే 40 ప్రశ్నలు, 50 మార్కులు, మేధాశక్తి బొమ్మలవే. బడి ఎలాంటిదైనా తెలివి బయటపడాలని పెట్టిన భాగం అది. కానీ ఆ బొమ్మలు ఏడాది పాటు రోజూ చేసిన పిల్లకీ, పరీక్ష హాలులోనే మొదటిసారి చూసిన పిల్లకీ తేడా ఎంతో లెక్కల మాస్టర్లకు తెలుసు. ఆ ఏడాది అలవాటుకు ఫీజు ఉంది. కట్టగలిగిన ఇల్లు కడుతుంది.

దీన్ని సరిచేయడానికి నిబంధనలు లేకపోలేదు. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే. ఆదాయ పరిమితి మాత్రం లేదు. దాంతో పల్లెలో ఉన్న మిల్లు యజమాని కొడుకు గ్రామీణుడవుతాడు, పట్నంలో ఇటుకలు మోసే తల్లి కూతురు పట్టణ విద్యార్థిని అవుతుంది. తెలంగాణ గురుకులాల ఐదో తరగతి ప్రవేశానికి పరిమితి ఉంది: గ్రామాల్లో ఏడాదికి 1,50,000, పట్టణాల్లో 2,00,000 రూపాయలు. మంచిదే. అయితే పల్లెలో నెలకు 13,000 జీతం తెచ్చే మనిషి లెక్క ఏడాదికి 1,56,000. అతని బిడ్డకు అర్హత లేదు. జీతం కాగితం మీద కనిపిస్తుంది. వడ్డీ వ్యాపారం, కాంట్రాక్టు రాబడి కనిపించవు. ఆ ఇంటికి ఆదాయ సర్టిఫికెట్ సులువుగానే వస్తుంది.

"మార్కులు వచ్చినవాడికే సీటు, ఇందులో అన్యాయం ఏముంది?" అని మనలో కొందరు అడుగుతున్నారు. కష్టపడిన పిల్లవాణ్ణి తప్పుపట్టను. కోచింగ్‌కు వెళ్లడం నేరమూ కాదు. కానీ ఫీజు కట్టి ఎక్కడైనా చదివించగల ఇంటికి ఈ సీటు దొరక్కపోతే ఇంకో బడి ఉంది. మరో ఇంటికి ఇదొక్కటే తలుపు. పరీక్ష తీసేసి లాటరీ వేద్దామన్నా సమస్య తీరదు. దరఖాస్తు సంగతే తెలియని ఇంటి పేరు లాటరీ డబ్బాలోకి కూడా రాదు. పరీక్ష ఉండాలి, ఆదాయ పరిమితీ ఉండాలి. కాగితంతో పాటు ఇల్లు, పొలం, పిల్లవాడు అంతవరకు చదివిన బడి కూడా చూసి నిర్ణయించాలి. ఇదీ నా అభిప్రాయం.

ఇక మన సంఘం సంగతి. పూర్వ విద్యార్థుల మనవలకు కొన్ని సీట్లు కేటాయించమని ప్రభుత్వానికి అర్జీ పెడదామనే ప్రతిపాదన ఈ సాయంత్రం చర్చకు వస్తోంది. ప్రేమతో పెట్టినదే, కాదనను. బడి మీద మనకు మమకారం ఉంది. హక్కు మాత్రం లేదు. మనం ఇక్కడికి వచ్చింది మన తాతలు ఇక్కడ చదివినందువల్ల కాదు. నా మనవడు హైదరాబాదులో ప్రైవేటు స్కూల్లో చదువుతున్నాడు. వాడికిచ్చే సీటు ఏ హమాలీ బిడ్డ దగ్గర్నుంచి తీస్తాం? ఆ అర్జీ మీద నేను సంతకం పెట్టను. మీరూ ఆలోచించమని వేడుకుంటున్నాను.

దానికి బదులు చేయగల పని చెబుతాను. చుట్టుపక్కల ఊళ్ల ప్రాథమిక పాఠశాలల్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లల జాబితా తీద్దాం. దరఖాస్తులు మనమే నింపిద్దాం. నవోదయ దరఖాస్తుకు రుసుము కూడా లేదు. సర్టిఫికెట్ల కోసం కూలి పోగొట్టుకుని తిరగలేని తల్లిదండ్రుల వెంట ఒకరం వెళ్దాం. ఆదివారాలు ఇక్కడే ఉచితంగా పాత ప్రశ్నపత్రాలు చేయిద్దాం. పరీక్ష రోజున బండి మాట్లాడదాం.

లెక్కల క్లాసు నాది. భాషకు, బొమ్మల ప్రశ్నలకు మనుషులు కావాలి. భోజనాల దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టాను. పేరు, ఫోను నంబరు, వారంలో ఇవ్వగలిగిన గంటలు రాసి వెళ్లండి. సెలవు.