నొప్పిని దాచవద్దు, మందునూ దాచవద్దు
(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ బ్రిటన్‌లో పుట్టి పెరిగిన యువతీయువకులారా! ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా మీ కోసమే. రేపు ఆసుపత్రిలో మీ అమ్మానాన్నలకు నోరుగా నిలవవలసినవారు మీరే కదా.

నేను ఫార్మసిస్టుగా జీవితమంతా మందుల మధ్యనే గడిపాను. అయినా నా తల్లి విషయంలో పొరబడ్డాను. ఆమెకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. "నొప్పి ఎలా ఉంది?" అని వైద్యురాలు అడిగితే అమ్మ "ఫర్వాలేదు" అన్నది. నేను "నొప్పి లేదట" అని ఆంగ్లంలో చెప్పాను. కొన్నాళ్లకు పూజామందిరం సొరుగులో మార్ఫీన్ మాత్రలు కనిపించాయి. "ఇప్పుడే అలవాటు పడితే రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయవు కదా నాయనా" అన్నది.

ఈ భయం ఆమె ఒక్కరిదే కాదు. భారతదేశం నల్లమందును చట్టబద్ధంగా పండించి ఎగుమతి చేస్తున్నా, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తరువాత అక్కడి రోగులకు మార్ఫీన్ దొరకడం కష్టమైంది. 2014 సవరణతో నిబంధనలు కొంత సడలాయి. మన పెద్దల మనసులో మాత్రం ఆ మందు పేరు నేటికీ మత్తుతోనూ మరణంతోనూ ముడిపడి ఉన్నది.

మూడు విషయాలను వేరువేరుగా గ్రహించండి. కాలక్రమంలో అదే మోతాదు కొంత తక్కువగా పనిచేయవచ్చు. ఇది శరీరం అలవాటు పడటం. మందు హఠాత్తుగా మానితే చెమటలు, వణుకు, విరేచనాలు రావచ్చు. ఇది శరీరం దానిపై ఆధారపడటం. హాని కలుగుతున్నా మందు కోసం మనసు వెంపర్లాడటం వ్యసనం. మొదటి రెండూ ఉన్నంత మాత్రాన మూడవది ఉన్నట్లు కాదు.

క్యాన్సర్‌లో మోతాదు పెంచవలసి వస్తే, తరచుగా కారణం వ్యాధి ముదరడమే. మార్ఫీన్‌కు అందరికీ వర్తించే గరిష్ఠ పరిమితి లేదు; వైద్యులు రోగిని గమనిస్తూ మెట్టుమెట్టుగా పెంచుతారు, లేదా అదే కోవలోని మరొక మందుకు మారుస్తారు. కనుక రేపటి కోసమని నేటి మాత్రను దాచుకోనక్కరలేదు. 1967లో దక్షిణ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ బోధించినదీ ఇదే: నొప్పి తిరగబెట్టేవరకు ఆగక, వేళకు మందు ఇవ్వాలి.

జాగ్రత్తలూ వినండి. తొలి రోజుల మగత, వికారం సాధారణంగా తగ్గుతాయి. మలబద్ధకం తగ్గదు, కనుక మొదటినుంచే విరేచనకారి అడగండి. నిదానంగా పనిచేసే మాత్రను నలగగొట్టవద్దు. ఫెంటనిల్ పట్టీపై వేడినీళ్ల సంచి పెట్టవద్దు. సొంతంగా మోతాదు పెంచవద్దు, ఒక్కసారిగా మానవద్దు. మందును తాళం వేసి ఉంచండి. మనిషి లేపినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా వెంటనే 999కు ఫోన్ చేయండి.

ఇక మీరు నేర్వవలసిన మాటలు కొన్ని ఉన్నాయి: సలుపు, పోటు, మంట, తిమ్మిరి. ఇవన్నీ ఒకటే నొప్పి కాదు. మంట, తిమ్మిరి అంటే నరాల బాధ కావచ్చు. దానికి మార్ఫీన్‌తోపాటు వేరే మందు అవసరపడవచ్చు. అమ్మ "ఫర్వాలేదు" అంటే అక్కడ ఆగకండి. "రాత్రి నిద్ర పట్టిందా? పక్కకు తిరగగలిగావా?" అని అడగండి. ఆమె చెప్పిన మాటనే వైద్యులకు చేరవేయండి.

నొప్పి పూర్వకర్మ అని, ఓర్చుకోవాలని పెద్దలు అనవచ్చు. ఆ విశ్వాసాన్ని ఎగతాళి చేయకండి. మా అమ్మకూ ఆ విశ్వాసం ఉండేది. మందు తీసుకుంటే మగతలో భగవన్నామం మరచిపోతానన్న దిగులూ ఉండేది. నిజానికి నొప్పే ఆమెను నామానికి దూరం చేసింది. వేళకు మందు వేసుకోవడం మొదలుపెట్టిన వారానికి ఆమె లేచి కూర్చుని, తన చేతులతో దీపం వెలిగించుకున్నది. ఆ సొరుగును నేను కొంచెం ముందుగా తెరచి ఉంటే ఆ దీపం ఇంకా కొన్ని రోజులు ముందే వెలిగేది.

మీరు ఆలస్యం చేయవద్దని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను. స్వస్తి.