వైద్యవిద్య నేల కోరవలయును?
(చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల సంఘ వార్షికమహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతననిధిని గూర్చిన తీర్మానము నేడు మీ యెదుటికి రానున్నది. అందు వైద్యవిద్యార్థులకు ప్రత్యేకభాగ ముంచవలెనని కార్యవర్గమువారి తలంపు. అంతకుముందు, వైద్యుడు కాగోరు బాలునకు ఆ కోరిక యెట్లు కలుగును, ఎట్టిది తుదివరకు నిలుచును అను విషయమై నాలుగు మాటలు చెప్పుమని నన్నాజ్ఞాపించిరి. నేను వైద్యుడను గాను. సంస్కృతము చదివి, బడిపిల్లలకు తెలుగు చెప్పి, విశ్రాంతి గైకొన్నవాడను. అయినను పిల్లల కోరికలను వినుట యుపాధ్యాయుని వృత్తిలోనిదే గనుక మాటాడ సాహసించుచున్నాను.

పదవ తరగతి పిల్లలను “నీవేమి కాదలచితివి?” అని యడిగినచో పలువురు “డాక్టరు” అందురు. “ఏల?” అన్నచో మూడు విధములగు సమాధానములు వినవచ్చును. తాతకు పక్షవాతము వచ్చిన రాత్రి వాహనము దొరకక పడిన యవస్థను జ్ఞాపకముంచుకొని చెప్పువారు కొందరు. గౌరవమును, జీవనమును కోరి చెప్పువారు కొందరు. “మా నాన్నగారు చెప్పినారు” అనువారు మిక్కిలి పలువురు. ఈ మూడింటిలో నేది యుత్తమమని యడిగిన, మొదటిదేయని మనము వెంటనే యందుము. కాని యంత సులభముగా తీర్పు చెప్పరాదు.

సర్ రొనాల్డు రాస్ చరిత్రమును చూడుడు. 1857లో అల్మోరాలో జన్మించిన యీయనకు బాల్యమునుండి కవిత్వము, చిత్రలేఖనములయందే యభిరుచి. సేనానియగు తండ్రి పట్టుదలచేత వైద్యము చదివి, 1881లో భారతీయ వైద్యసేవలో చేరెను. అనగా “మా నాన్నగారు చెప్పినారు” అన్న కోవకు చెందినవాడే. అట్టివాడు మలేరియాతో కృశించువారిని కన్నులార చూచి, సంవత్సరముల తరబడి దోమలను కోసి పరీక్షించి, మనకు సమీపముననున్న సికిందరాబాదులో 1897 ఆగస్టు 20వ తేదీన దోమ యుదరమున మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 1902లో నోబెలు బహుమానము పొందెను. తండ్రి త్రోయగా లోపలికి వచ్చినవానిని రోగుల బాధ పట్టి నిలిపినది.

ఇక మన యాంధ్రుడగు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించిరి. యౌవనమున సన్యసింపగోరి రామకృష్ణమఠము నాశ్రయింపగా తల్లి యంగీకరింపలేదు. అప్పుడు వైద్యవిద్యచేతను సేవ చేయవచ్చునని మఠమువారు హితవు చెప్పిరి. స్ప్రూ యను సంగ్రహణివంటి వ్యాధిచేత ఆయన సోదరు లిరువురు మరణించిరి. ఈ దుఃఖ మాయనను పరిశోధనవైపు నడపెను. అమెరికాలో ఆయన నడపిన లెడర్లీ ప్రయోగశాలలో ఫోలికామ్లమును 1945లో కృత్రిమముగా నిర్మించిరి. అది స్ప్రూ చికిత్సకు నుపకరించెను. మన గ్రామములలో బోదకాలు నివారణకై పంచిన డైయెథిల్ కార్బమజీను మాత్రయు ఆయన పరిశోధకబృందమువారి కృషిఫలమే. 1948లో పరదేశమున నాయన స్వర్గస్థులైరి. సన్యాసవాంఛ సేవగా, సోదరవియోగము పరిశోధనగా పరిణమించిన తీరు గమనింపదగినది.

మన యాడుపిల్లలకు మరియొక యుదాహరణము గలదు. హైదరాబాదు వైద్యపాఠశాలలో 1885లో చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ, శస్త్రచికిత్సవేళ మత్తుమం దిచ్చు విద్యయందు ప్రపంచమున మొదటి మహిళలలో నొకరుగా ప్రసిద్ధి చెందిరి. ఆ కాలమున కుమార్తెను వైద్యపాఠశాలకు పంపుట యెంత యరుదో తలంచినచో, నేడు “ఆడపిల్లకు అయిదున్నరయేండ్ల చదువా!” అని సంశయించు తండ్రులకు సమాధానము దొరకును.

చరకసంహిత విమానస్థానమున 8వ యధ్యాయమునందు శిష్యుని పరీక్షించుట విధింపబడినది. అందు మేధయు, స్మృతియు మాత్రమే గాక, లోభము లేకుండుట, సర్వభూతముల హితమును కోరుట గూడ గుణములుగా గణింపబడినవి. అయినను చరకుడు జీవనోపాధిని నిందింపలేదు. ఈ విద్యవలన ధర్మార్థకామములు మూడును సిద్ధించునని యంగీకరించెను. కావున నాలుగు రూపాయలు సంపాదింపగోరు బాలుని మనము తక్కువ చేయ నక్కరలేదు. ఆ కోరికకు తోడుగా దయ యున్నదా యని మాత్రము చూడవలయును. నేటి నీట్ పరీక్ష 720 మార్కులకు జరుగును. అది మేధాస్మృతులను చక్కగా కొలుచును. మిగిలిన గుణములను కొలువజాలదు.

ఇప్పుడు మన యూళ్ల సంగతికి వత్తము. మొయినాబాదు మండలములో భాస్కర వైద్యకళాశాలయు, చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్యవిజ్ఞానసంస్థయు నున్నవి. కళాశాలలు మన గుమ్మముకడకే వచ్చినవి. భూముల వెలయు పెరిగినది. కూరగాయలు, పూలు పండించిన మడి నమ్మి, ఆ ధనముతో సీటు కొనవచ్చునను నూహ తండ్రులకు కలుగుచున్నది. బాగుగా నాలోచింపుడు! తండ్రి భూమి నమ్మి చదివించిన కుమారునకు, పోయిన యెకరమును మరల సంపాదింపవలెనను భారము పట్టా చేతికి రాకముందే మెడ కెక్కును. రోగి ముఖము చూచినప్పుడెల్ల ఆ యెకరమే జ్ఞాపకము వచ్చినచో దయకు చోటెక్కడిది?

2025 నవంబరు 3వ తేదీన చేవెళ్ల మండలము మీర్జాగూడ యొద్ద బస్సును కంకర లారీ ఢీకొనగా 19 మంది మరణించిన ఘోరము మన మెవ్వరము మరువలేదు. మర్రిమానుల నీడనున్న యీ బీజాపురము రహదారిమీద అట్టి యాపదలు వచ్చినప్పుడు దగ్గరనుండి ప్రాణము నిలుపువారు మనకు కావలయును. ఆ దుర్దినమును చూచి “నేను వైద్యుడ నగుదును” అనుకొన్న బాలుడో బాలికయో మన గ్రామములలో తప్పక యుండును. వారిని వెదకి పట్టుకొనుట మన నిధికి మొదటి పని.

అందులకై మూడు విన్నపములు. మొదటిది, వేతనము కోరు విద్యార్థిని తలిదండ్రులు లేనిచోట నొంటరిగా కూర్చుండబెట్టి “నీకేల యీ విద్య?” అని పెద్దలు ప్రేమతో నడుగవలయును. రెండవది, నిర్ణయమునకు ముందు ఆ విద్యార్థి కొన్ని దినములు ప్రభుత్వాసుపత్రిలో అధికారుల యనుమతితో నుండి, ముదుసలులకు చీటీ వ్రాయించుట, వరుసలో తోడు నిలుచుట మొదలగు చిన్నపనులు చేయవలయును. రక్తమును, వాసనను, రోగుల విసుగును చూచిన పిమ్మట గూడ నిలిచిన కోరికయే కోరిక. మూడవది మిక్కిలి ముఖ్యము. అట్లు చూచి “ఇది నాకు తగదు” అని నిజము చెప్పిన బిడ్డకు సహాయము మానరాదు. నర్సింగు, ఫార్మసీ, వ్యవసాయము, ఉపాధ్యాయత, ఏ విద్య కోరినను అదే మొత్తము నొసగుడు. నిజము చెప్పినందుకు నష్టము కలుగు చోట బాలురు నిజము చెప్పరు.

పోషకమహాశయులు దాతృత్వమున వెనుదీయువారు గారు. ఈ నిధివలన పది మంది వైద్యు లగుదురో, ఇద్దరే యగుదురో చెప్పజాలను. ఇద్దరైనను స్వేచ్ఛతో వచ్చి, దయతో నిలిచినచో మన గ్రామములకు మేలు. తీర్మానము నీ మూడు సవరణలతో నామోదింప ప్రార్థించుచున్నాను.