ఆరోపణకూ తీర్పుకూ మధ్య

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఆళ్లగడ్డలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో డి.ఎ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడాలి గానీ, ఈయన క్రికెట్ సంగతి ఎత్తుకున్నాడేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు నన్ను ‘మీకు నచ్చిన విషయం మాట్లాడండి’ అన్నారు. నాకు నచ్చినవి రెండే. ఒకటి క్రికెట్, రెండోది సర్వీసు రూల్సు. ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. ఒక మనిషి మీద అవినీతి ఆరోపణ వస్తే అతన్ని ఎలా విచారించాలి, ఎవరు విచారించాలి, ఎంతకాలంలో తేల్చాలి అన్నదే ఆ చోటు. ఇది ఆటగాళ్లకే కాదు, ఒకనాడు చార్జి మెమో అందుకున్న, లేదా ఇంకొకరికి అందించిన మనందరికీ సంబంధించిన విషయమే.

ముందుగా మన హైదరాబాదు కుర్రవాడి కథ చెప్పుకుందాం. మహమ్మద్ అజహరుద్దీన్ ఆల్ సెయింట్స్ స్కూల్లో, నిజాం కాలేజీలో చదువుకున్నవాడు. 1984 డిసెంబరు 31న కలకత్తాలో మొదటి టెస్టు మొదలుపెట్టి, వరుసగా మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టాడు. ఆ రోజుల్లో ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకుని ఫైళ్లు రాసినవాళ్లు ఈ సభలో పది మందైనా ఉంటారు. ఆ మణికట్టు తిప్పుడు కళ్లతో చూడకపోయినా, కామెంటరీ విని అది మన ఇంటివాడి ఆటేనని మురిసిపోయాం. 99 టెస్టులు ఆడాడు, 22 సెంచరీలు, 6,215 పరుగులు. చివరి టెస్టు 2000 మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికాతో ఆడింది. అందులో కూడా 102 కొట్టాడు.

ఆ మరుసటి నెలలోనే పిడుగు పడింది. 2000 ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే మీద కేసు సంగతి బయటపెట్టారు. మొదట కాదన్నాడు. నాలుగు రోజులకే బుకీ దగ్గర డబ్బు తీసుకున్న మాట ఒప్పుకున్నాడు. వాళ్ల దేశంలో ఒక విశ్రాంత న్యాయమూర్తితో కింగ్ కమిషన్ వేసి, జూన్ నెలలోనే బహిరంగంగా సాక్ష్యాలు తీసుకున్నారు. లోకం అంతా గమనించింది.

మన దగ్గర ప్రభుత్వం సి.బి.ఐ.కి అప్పగించింది. ఆ నివేదిక 2000 నవంబరు మొదట్లో వెలువడింది. దాని మీద క్రికెట్ బోర్డు తరఫున సి.బి.ఐ. మాజీ అధికారి కె. మాధవన్ విచారించారు. 2000 డిసెంబరు 5న బోర్డు శిక్షలు ప్రకటించింది. అజహరుద్దీన్, అజయ్ శర్మలకు జీవితకాల నిషేధం. అజయ్ జడేజా, మనోజ్ ప్రభాకర్‌లకు అయిదేళ్లు. ఏప్రిల్‌లో ఆరోపణ, డిసెంబరులో శిక్ష. చూడడానికి చకచకా జరిగినట్టే ఉంది.

తరువాత ఏమయిందో చూడండి. జడేజా కోర్టు మెట్లెక్కాక 2003లో ఆయన మీద నిషేధం తొలగింది. అజయ్ శర్మకు 2014లో ఢిల్లీ కోర్టులో ఊరట దొరికింది. అజహరుద్దీన్ కింది కోర్టులో ఓడి, హైకోర్టుకు వెళ్లాడు. 2012 నవంబరు 8న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు డివిజన్ బెంచి ఆ నిషేధం చట్టం ముందు నిలవదని కొట్టివేసింది. నిషేధం పడిన రోజు ఆయన వయసు 37. తీర్పు వచ్చిన రోజు 49. కోర్టు నిషేధాన్ని తీసివేయగలిగింది గానీ, ఆ పన్నెండేళ్లను తిరిగి ఇవ్వలేకపోయింది. వందో టెస్టు ఆయన ఖాతాలో ఎన్నటికీ చేరలేదు.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. అజహరుద్దీన్ తప్పు చేశాడని గాని, చేయలేదని గాని నేను తీర్పు చెప్పడం లేదు. ఆయన మొదటినుంచీ ఆరోపణలను కాదంటూనే వచ్చారు. సి.బి.ఐ. నివేదిక వేరే విధంగా చెప్పింది. నా బాధ ఏమిటంటే, పాతికేళ్లు గడిచినా ఈ రెండింటిలో ఏది నిజమో నిర్ద్వంద్వంగా తేల్చిన విచారణ మనకు లేకుండా పోయింది. నిర్దోషి అయితే ఆయనకు అన్యాయం జరిగింది. దోషి అయితే ట్రాన్సిస్టరు పట్టుకుని కూర్చున్న మనకు అన్యాయం జరిగింది. విచారణ సరిగ్గా లేకపోతే నష్టపోయేది ఒక్క పక్షం కాదు, రెండు పక్షాలూ.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆఫీసుల్లో పనిచేసిన వాళ్లకు తెలుసు, నిప్పు లేకుండా పొగ పుట్టించగల మొనగాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఒకరుంటారు. అందుకే మనకు 1991 నాటి సి.సి.ఎ. రూల్సు ఉన్నాయి. పెద్ద శిక్ష వేయాలంటే 20వ రూలు ప్రకారం చార్జీలు రాసివ్వాలి. ఏ కాగితాల మీద, ఎవరి సాక్ష్యం మీద ఆధారపడుతున్నారో చెప్పాలి. సంజాయిషీకి గడువివ్వాలి. సాక్షిని ఎదురు ప్రశ్నించనివ్వాలి. విచారణాధికారి నివేదిక నకలు ఉద్యోగి చేతికి ఇవ్వాలి.

ఈ చివరిది ఊరికే రాలేదు. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993 అక్టోబరు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పిన సూత్రం అది. మన గడ్డ మీద నుంచి వెళ్లిన కేసు దేశంలో ఉన్న ఉద్యోగులందరికీ రక్షణ అయింది. అంతెందుకు, ఈ డిసెంబరు 17 పండుగ కూడా ఒక తీర్పు వల్ల వచ్చిందే గదా. పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని 1982లో నకారా కేసులో చెప్పిన రోజిది.

అయితే క్రికెట్ బోర్డుకు ఈ రూల్సు వర్తిస్తాయా? అది ప్రైవేటు సంఘం కదా అని చాలాకాలం వాదించారు. 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు, బోర్డు రాజ్యాంగం 12వ అధికరణ కింద ‘రాజ్యం’ కాదు గానీ, హైకోర్టులో 226 కింద రిట్ వేయవచ్చు అంది. 2015 జనవరి 22న మరింత స్పష్టంగా, బోర్డు చేసేది ప్రజా విధులే కాబట్టి న్యాయసమీక్షకు లోబడాల్సిందే అంది.

ఆ 2015 తీర్పు వెనక ఉన్న కథ మనం గుర్తుంచుకోవాలి. 2013 ఐ.పి.ఎల్.లో బెట్టింగు ఆరోపణలు వచ్చినప్పుడు అందులో చిక్కుకున్నవారిలో బోర్డు అధ్యక్షుడి అల్లుడూ ఉన్నారు. బోర్డు తానే ఇద్దరు సభ్యుల కమిటీ వేసుకుంది. ఆ కమిటీ ఏ తప్పూ లేదని చెప్పింది. బొంబాయి హైకోర్టు ఆ కమిటీ నియామకమే చెల్లదంది. అప్పుడు సుప్రీంకోర్టు జస్టిస్ ముద్గల్ కమిటీని వేసింది. చివరకు 2015 జులై 14న జస్టిస్ లోధా కమిటీ ఆ అల్లుడికి జీవితకాల నిషేధం, చెన్నై, రాజస్థాన్ జట్లకు రెండేళ్ల సస్పెన్షన్ విధించింది. ఇంటి పెద్ద మీద ఫిర్యాదు వస్తే ఇంట్లోవాళ్లే పంచాయితీ చెప్పడం ఏ ఊరి ధర్మం? ఆటగాడి మీద ఆరోపణ వస్తే ఎనిమిది నెలల్లో వేటు. పెద్దల మీద వస్తే దేశపు అత్యున్నత న్యాయస్థానమే దిగిరావాలి. ఈ తేడా మన ఆఫీసుల్లో కొత్తగా చూసిందేమీ కాదు. అటెండరు లంచం పేపరులో ఫోటోతో వస్తుంది. పైవారి ఫైలు ‘పరిశీలనలో’ ఉంటుంది.

అదే 2013లో శ్రీశాంత్ కేసు. ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. బోర్డు ఆ సెప్టెంబరులో జీవితకాల నిషేధం వేసింది. 2015 జులైలో ఢిల్లీ కోర్టు క్రిమినల్ కేసు కొట్టివేసింది. ‘ఇంకేం, నిషేధం కూడా పోవాలి’ అని ఆయన వాదన. 2019 మార్చి 15న సుప్రీంకోర్టు ఏమందో వినండి. క్రిమినల్ కేసు వేరు, క్రమశిక్షణ చర్య వేరు. బోర్డు దోషి అనడంలో తప్పు లేదు. కానీ జీవితమంతా అనే శిక్ష మోతాదు మీద మళ్లీ ఆలోచించాలి. ఆ తరువాత దాన్ని ఏడేళ్లకు తగ్గించారు. మన రూల్సు తెలిసినవారికి ఇది సుపరిచితమైన సూత్రమే. రుజువు కొలత రెండు చోట్లా ఒకటి కాదు. శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలి. ఈ తీర్పులో ఆటగాడికీ ఆటకూ ఇద్దరికీ న్యాయం చేసే ప్రయత్నం కనిపిస్తుంది.

ఆలస్యం గురించి కూడా చెప్పాలి. 2010 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ముగ్గురు పాకిస్తాన్ ఆటగాళ్లు డబ్బుకు నో బాల్స్ వేయించిన కేసు ఇంగ్లండులో 2011 నవంబరుకల్లా తేలిపోయింది. ముగ్గురూ, వాళ్ల ఏజెంటూ జైలుకు వెళ్లారు. పదిహేను నెలలు. అక్కడ దానికి చట్టం ఉంది. మన దగ్గర కర్ణాటక ప్రీమియర్ లీగ్ కేసులో 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు, మ్యాచ్ ఫిక్సింగు మోసం సెక్షన్ 420 కిందికి రాదు, అది క్రమశిక్షణ విషయం అంది. అంటే డబ్బు తీసుకుని ఆట అమ్మేవాణ్ని నేరుగా పట్టుకునే సెక్షన్ లేదు. దీన్ని ప్రత్యేక నేరంగా చేయమని లా కమిషన్ 2018లోనే తన 276వ నివేదికలో సిఫారసు చేసింది. చట్టం లేనిచోట పోలీసులు పట్టుకున్నది కోర్టులో నిలవదు. అనుమానం మాత్రం జీవితాంతం నిలుస్తుంది.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. పేరు, ఊరు చెప్పను. రికార్డు గల్లంతయిందని చార్జి మెమో ఇచ్చారు. విచారణాధికారులు ముగ్గురు మారారు. ఒక్కొక్కరూ మొదటినుంచీ మొదలుపెట్టారు. ఇంక్రిమెంట్లు ఆగాయి. విచారణ పెండింగులో ఉండగానే రిటైరయ్యాడు. 52వ రూలు కింద తాత్కాలిక పెన్షన్ ఇచ్చారు, గ్రాట్యుటీ ఆపేశారు. కూతురి పెళ్లి అప్పు చేసి చేశాడు. ఆ తరువాత నాలుగేళ్లకు ఒక్క వాక్యం ఉత్తర్వు వచ్చింది: ‘చార్జీలు రుజువు కానందున తదుపరి చర్య నిలిపివేయడమైనది.’ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చి, ‘సార్, దీన్ని ఎవరికి చూపించాలి?’ అని అడిగాడు. పదకొండేళ్లు ఆయన్ని దొంగ అనుకున్నవాళ్లలో సగంమంది అప్పటికి ఊళ్లో లేరు, కొందరు లోకంలోనే లేరు.

మన ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర కూర్చుని చూసినవారికి తెలుసు. విగ్రహం చెక్కేటప్పుడు ఉలి ఒక్క దెబ్బ తప్పితే ముక్కు పోతుంది. ఎంత గొప్ప శిల్పి అయినా దాన్ని తిరిగి అతికించలేడు. మనిషి పరువు కూడా రాయిలాంటిదే. అందుకే ఉలి ఎత్తే ముందు కొలత సరిచూసుకోవాలి. అలాగని ఉలే పట్టనంటే విగ్రహమూ ఉండదు. అవినీతిని విచారించకుండా వదిలేయమని నేననడం లేదు. ఇవాళ ఐ.పి.ఎల్. వచ్చిందంటే మన సీమ పట్టణాల్లో సెల్‌ఫోన్లలో పందేలు కాసి ఇళ్లు గుల్ల చేసుకుంటున్న పిల్లలున్నారు. ఆ డబ్బు చివరికి చేరే చోటుకూ, ఆట అమ్ముడుపోయే చోటుకూ దగ్గర దారి ఉంది. కఠినంగానే ఉండాలి. కానీ ఆ కాఠిన్యం విచారణ తరువాత రావాలి, ముందు కాదు.

కాబట్టి ఆటలోనైనా, ఆఫీసులోనైనా నేను కోరేవి నాలుగే. విచారణకు గడువు ఉండాలి. కాగితాల నకళ్లు ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషి చేతికి అందాలి. తీర్పు చెప్పేవాడికి ఆ కేసులో సొంత లాభం ఉండకూడదు. ఆరోపణ ఏ పేజీలో ఎంత పెద్ద అక్షరాలతో వేశారో, నిర్దోషి అన్న వార్తనూ అదే పేజీలో అంతే అక్షరాలతో వేయాలి.

మొదటి మూడూ ప్రభుత్వాలూ బోర్డులూ చేయాలి. మన చేతుల్లో ఉన్నది ఒకటుంది. ఈ హాల్లో ముప్ఫై, ముప్ఫై అయిదేళ్లు ఫైళ్లు చూసినవారున్నారు. విచారణాధికారులుగా పనిచేసినవారున్నారు. సర్వీసులో ఉన్న మన పిల్లలకు చార్జి మెమో వస్తే మొదటి వారం కాళ్లూ చేతులూ ఆడవు. గడువులోగా ఏ నకలు అడగాలో తెలియక, తెలిసినవాడెవడో రాసిచ్చిన సంజాయిషీ మీద సంతకం పెట్టి చిక్కుల్లో పడుతున్నారు. ప్రతి శనివారం సాయంత్రం మన సంఘం ఆఫీసులో ఇద్దరు ముగ్గురం రూల్సు పుస్తకాలతో కూర్చుందాం. తప్పు చేసినవాణ్ని తప్పించడానికి కాదు సుమా! తప్పు చేసినవాడికి కూడా సక్రమమైన విచారణ జరిగేటట్టు చూడడానికి. రాబోయే శనివారం నుంచి నేను వస్తాను. నాతో వచ్చేవారు కార్యదర్శిగారికి పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.