పక్క బెంచీ ఖాళీ అయిన రోజు

(తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో హిట్లర్ పేరు తరచుగానే వినిపిస్తుంది. కఠినంగా ఉండే తండ్రికి, బెత్తం వదలని మాస్టారికి ఆ పేరు పెడతాం. 1997లో వచ్చిన చిరంజీవి సినిమాకూ అదే పేరు. అందులో ఆయన చెల్లెళ్లను కాపాడుకునే అన్నయ్య. సరదా మాటకు అభ్యంతరం లేదు. కాని ఆ మనిషి పాలనలో సుమారు 60 లక్షల మంది యూదులు హతులయ్యారని, వారిలో దాదాపు 15 లక్షల మంది పిల్లలని మన యువతలో ఎందరికి తెలుసు?

ఈ చరిత్రను బోధించేవారు సాధారణంగా ఆష్విట్జ్ శిబిరం ఫొటోలతో ప్రారంభిస్తారు. శవాల గుట్టలను చూసిన పిల్లవాడు ముఖం తిప్పుకుంటాడు. ఇంతటి ఘోరం రాక్షసులకే సాధ్యమని, మనవంటివారికి దానితో సంబంధం లేదని అనుకుంటాడు. అందుచేత పాఠం బడితో మొదలుకావాలని మేము భావిస్తున్నాం.

1933 జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఏప్రిల్‌లోనే యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం వచ్చింది. అదే నెలలో విద్యాసంస్థల్లో వారి కొత్త ప్రవేశాలను 1.5 శాతానికి కుదించారు. పైకి చెప్పిన కారణం రద్దీ! ఎంత అమాయకమైన మాటో గమనించండి. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు వారి పౌరసత్వ హక్కులను హరించాయి. 1938లో ‘విషపు పుట్టగొడుగు’ అనే పిల్లల బొమ్మల పుస్తకం వెలువడింది. ముక్కు ఆకారాన్ని బట్టి యూదుణ్ణి గుర్తుపట్టడం ఎలాగో నల్లబల్ల దగ్గర నేర్పే దృశ్యం అందులో ఉంది. ఆ సంవత్సరమే నవంబర్ 15న, అప్పటికింకా జర్మన్ బడుల్లో మిగిలి ఉన్న యూదు పిల్లలను వెళ్లగొట్టారు.

మరునాడు హాజరు పిలిచిన ఉపాధ్యాయుడు ఉన్నాడు కదా! పక్క బెంచీ ఖాళీ అయిందని చూసిన పిల్లలున్నారు కదా! వారెవరూ హంతకులు కారు. ఆజ్ఞ వచ్చింది, పాటించారు, పాఠం కొనసాగింది. మన పిల్లలు ఎక్కువసేపు ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే.

ఇంకొక వివరం. 1939 జనవరి నుంచి, పేరును బట్టి యూదులని తెలియని పురుషులు ‘ఇస్రాయెల్’ అని, స్త్రీలు ‘సారా’ అని తమ పేరుకు చేర్చుకోవలసి వచ్చింది. పేరు విన్న తరువాత అద్దె ఇల్లు దొరకని అనుభవమున్న మన యువకులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

పిల్లలకు పసుపు నక్షత్రాలు తగిలించి నాటకాలు ఆడించవద్దని మా మనవి. గంటసేపు ఆటలో ఆ వేదన అర్థం కాదు, పైగా అర్థమైందనే భ్రమ మిగులుతుంది.

‘పాలస్తీనాలో పసిపిల్లలు చనిపోతుంటే యూదుల బాధను మనమెందుకు చదవాలి?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ ఆవేదన న్యాయమైనది. అయితే గాజా కోసం కన్నీరు పెట్టడానికి 1938 నాటి బెర్లిన్ బాలికను మరచిపోవలసిన పని లేదు. ఎక్కడో ఎవరో చేసినదానికి మన పిల్లలను సంజాయిషీ అడిగినప్పుడు మనకెంత మంటగా ఉంటుంది! ఒక ప్రభుత్వం చేసినదానికి యూదులందరినీ దోషులుగా నిలబెట్టడం కూడా అదే. మారణహోమం జరగనే లేదని ఫోన్లలో తిరిగే అబద్ధాలను ముందుకు పంపడం వల్ల పాలస్తీనా ప్రజలకు ఏ మేలూ జరగదు.

డాక్టర్ మొహమ్మద్ హెల్మీ సంగతి పిల్లలకు చెప్పండి. ఈజిప్టు ముస్లిం, వైద్యం చదవడానికి 1922లో బెర్లిన్ వెళ్లాడు. జర్మన్ కానందున నాజీలు ఆయననూ ఆసుపత్రి ఉద్యోగం నుంచి తొలగించారు, నిర్బంధించారు. విడుదలైన తరువాత కూడా, నగర శివార్లలోని తన తోట ఇంట్లో అన్నా బోరోస్ అనే యూదు యువతిని యుద్ధం ముగిసేవరకు దాచాడు. అల్బేనియాలో వెసెలీ దంపతులు, ఫాతిమా, వెసెల్, తమ కొడుకుకు ఫొటోగ్రఫీ నేర్పిన యూదుడి కుటుంబాన్ని కొండల మీది క్రూయా పట్టణంలో కాపాడారు. ఇచ్చిన మాటను, ఇంటికి వచ్చిన అతిథిని ప్రాణం పోయినా కాపాడాలనే వారి సంప్రదాయానికి ‘బెసా’ అని పేరు. యుద్ధానికి ముందున్న వారికంటే యుద్ధం తరువాత ఎక్కువమంది యూదులున్న దేశం అది.

ఆష్విట్జ్ విముక్తి పొందిన జనవరి 27ను స్మారక దినంగా 2005లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ రోజున మీ మొహల్లా గ్రంథాలయంలో పిల్లలను కూర్చోబెట్టి, 1933 నుంచి 1939 వరకు వచ్చిన ఆ చట్టాలను వరుసగా చదివించండి. ఒక్కొక్క దాని దగ్గర ఆగి, పొరుగువాడు ఆనాడు ఏం చేయగలిగి ఉండేవాడో వారినే చెప్పనివ్వండి. ఆ గంటసేపు పెద్దవాళ్లం మాట్లాడకుండా ఉంటే మంచిది.